ఎదురుకాళ్ల పిల్లకు మెడ వంచినవాళ్లు

నా మనవరాలు కంప్యూటరు ముందు నుంచి లేచి వచ్చి నా మంచం పక్కన చాప మీద బోర్లా పడుకుంది. కల్లూరులో ఈ కొత్త ఇల్లు కట్టుకున్నాక దాని ఆఫీసు కూడా మాతోపాటే ఇంట్లోకి వచ్చేసింది. పొద్దున కుర్చీలో కూర్చుందంటే అన్నానికి పిలిచినా మెడ తిప్పదు. ఇప్పుడు తిప్పుదామన్నా తిరగడం లేదట. "అవ్వా, నువ్వు చిన్నప్పుడు కర్నూలంతటినీ తొక్కినావంట కదా, నన్నూ ఒక తొక్కు తొక్కు" అని నవ్వింది. "ఇప్పుడు తొక్కితే నీ మెడకంటే ముందు నా మోకాలు పోతుందే" అని నేనూ నవ్వాను. అది అట్లాగే పడుకుని కుడిచేతి వేళ్లు ముడుస్తూ, చాపుతూ, "మెడ సంగతి సరేలే, ఈ బొటనవేలూ చూపుడువేలూ ఊరికే తిమ్మిరెక్కుతాండాయి" అంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మెడనొప్పులంటే నాకు భయం లేదు. నా చిన్నతనమంతా వాటి మధ్యే గడిచింది. తిమ్మిరి అన్న మాట వింటే మాత్రం ఈ వయసులోనూ అరికాళ్లు చల్లబడతాయి.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అందరూ తల ముందు పెట్టి లోకంలోకి వస్తే నేను కాళ్లు ముందు పెట్టి వచ్చాను. ఆ కాన్పులో మా అమ్మ చచ్చి బతికింది. మా నాయనమ్మ మాత్రం ఇంటికి అదృష్టం పట్టిందని ఊరంతా చెప్పుకుంది. ఆమెను మేము అవ్వ అనేవాళ్లం. ఎదురుకాళ్ల పిల్ల పాదం తగిలితే మెడపట్టు, నడుంపట్టు వదిలిపోతాయని మా వైపు గట్టి నమ్మకం. నాకు సరిగ్గా నడక రాకముందే అవ్వ నన్ను ఎత్తుకుని నా ఎడమకాలు జనం వీపులకు తాకించేదట. దానికి ఆమె పెట్టిన కట్టుబాట్లు గుళ్లో కూడా ఉండవు. వచ్చినవాళ్లు ఎంగిలిపడకుండా రావాలి, తూర్పుకు తిరిగి పీట మీద కూర్చోవాలి, మెడ వంచాలి. నేను వెనక నిలబడి భుజాల నడుమ పాదంతో తాటించాలి. అయ్యాక వాళ్లు పలకకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు, అట్లాగే లేచి వెళ్లిపోవాలి. పెద్దవాళ్లను తన్నిన పాపం నాకు అంటకుండా నేను ఆ పోయే వీపులకు దండం పెట్టాలి. అందుకే మా వీధిలో చాలామంది మొహాలకంటే వీపులే నాకు బాగా గుర్తు.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. డేరాల్లో ఆఫీసులు, ఎక్కడ చూసినా కొత్త మనుషులు. కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక టైపిస్టుగారు మా పక్కవాటాలో దిగాడు. మొదట్లో మా నమ్మకాలను చూసి తెగ నవ్వుకునేవాడు. డేరాలో, ఎత్తు కుదరని బల్ల మీద మెషిను పెట్టుకుని ఒక వేసవి గడిపేసరికి, ఒక పొద్దున చొక్కా విప్పి బుద్ధిగా పీట మీద కూర్చున్నాడు. "కాస్త మెల్లగా అమ్మాయీ, మెడలో నరం పట్టేసింది" అన్నాడు. అవ్వ నోరు మూసుకోమని సైగ చేసింది. సందు చివర దర్జీ సాయిబు రంజాను ముందర తప్పకుండా వచ్చేవాడు. రోజుల తరబడి మిషను మీద వంగి వంగి ఆయన కుడిభుజం ఎడమదానికంటే పైకి లేచిపోయి ఉండేది. "జర జోరుగా తొక్కు బేటీ, పండగ గుడ్డలు ఇంకా శానా ఉండాయి" అనేవాడు. లోతు బావిలోంచి నీళ్లు చేది ఇళ్లకు పోసే ఆమె వచ్చేది. ఆమె మెడ కింద కండ రాయిలా గట్టిపడి ఉండేది. కొందరికి తగ్గేది, కొందరికి తగ్గేది కాదు. తగ్గినవాళ్లు నా కాలి మహిమ అనేవాళ్లు, తగ్గనివాళ్లు తమ కర్మ అనేవాళ్లు. పని తగ్గించుకుంటే నొప్పి తగ్గుతుందేమో అన్న మాట మాత్రం ఏ ఒక్కరి నోటా నేను వినలేదు. అంత లగ్జరీ మాట అనగలిగినవాళ్లు మా పీట దాకా వచ్చేవాళ్లు కాదు.

ఒక ఎండాకాలం సెలవుల్లో మా అమ్మ తమ్ముడు, బేతంచెర్ల మామ, చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఆయన నాపరాతి గనిలో సమ్మెట కొట్టే మనిషి. వాకిలికి అడ్డం నిలబడితే ఇంట్లో వెలుగు తగ్గేది, అంత భుజం. "అక్కా, సెలవులే కదా, పాపను నాతో పంపు. నీ మరదలు ఒక్కతే ఉండాది, దానికీ తోడుగా ఉంటాది" అన్నాడు. వాళ్లకు పిల్లలు లేరు. మామకు నా మీద ఎంత ప్రేమో అనుకుని నేను గంతులు వేశాను. ద్రోణాచలంలో బండి మారేటప్పుడు నాకు సోడా కొనిచ్చాడు. కుడిచేత్తో అందించబోతే సీసా ఆయన వేళ్లలోంచి జారి ప్లాట్‌ఫారం మీద పగిలింది. "చెమటకు జారిపోయింది" అన్నాడు. తర్వాత బండిలో నా పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో నిజంగానే తగ్గుతాదా పాపా?" అని అడిగాడు. ప్రయాణం చేస్తున్నది నేను కాదని, నా ఎడమకాలేననీ, నేను దానికి తోడుగా పోతున్నాననీ నాకు అప్పుడు అర్థమైంది. కొంచెం ఉడుక్కున్నాను. కానీ ఆయన అడిగిన తీరులో ఏదో ఉంది, ఉడుకు ఎక్కువసేపు నిలవలేదు.

బేతంచెర్లలో అన్నీ బండలే. గోడలు బండలు, నేల బండలు, పైకప్పు బండలు, పశువుల నీళ్ల తొట్టి బండలు. చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము, మనుషుల కనురెప్పల మీద అదే దుమ్ము. పొద్దు పొడవకముందే గనిలో ఇనుము మీద ఇనుము పడే చప్పుడు మొదలయ్యేది. గనిలో జంటలుగా పనిచేసేవాళ్లు. ఒకరు లావుపాటి ఉలిని బండ మీద గీసిన గీతలో నిలబెట్టి రెండు చేతులతో పట్టుకుంటే, ఇంకొకరు నిలబడి సమ్మెటతో దాని నెత్తిన కొట్టాలి. దెబ్బ దెబ్బకూ ఉలిని కొంచెం జరుపుతూ గీత వెంబడి పోతే బండ పొరగా లేస్తుంది. సాధారణంగా మగవాడు కొడతాడు, భార్యో తమ్ముడో ఉలి పడతారు. పట్టేవాళ్లకు ఒకటే నియమం, తల ఎత్తకూడదు. సమ్మెట వస్తోందని కళ్లెత్తి చూస్తే చెయ్యి బెదురుతుంది, ఉలి వాలుతుంది, దెబ్బ ఉలి మీద పడాల్సింది చేతి మీద పడుతుంది. అందుకని మా అత్త ఎప్పుడూ ఉలినే చూసేది. మామ సమ్మెట ఎత్తి దించేటప్పుడు "హూఁ" అని ఊపిరి వదిలేవాడు. అత్త ఆ ఊపిరిని విని దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలుసుకునేది. ఆమె రెండు చేతులూ, తలా ఆ ఊపిరి నమ్మకం మీద అక్కడ ఉండేవి.

రోజూ పొద్దున్నే మామ బండ మీద కూర్చుని మెడ వంచేవాడు. నేను నిలబడి తాటించేదాన్ని. మొదటి రోజే నా పాదానికి ఏదో తేడా తగిలింది. ఎడమవైపు భుజం రెక్క మీద పాదం మెత్తగా ఆనేది, కుడివైపు మాత్రం ఎముక గుచ్చుకునేది. అంత పెద్ద మనిషికి ఒక పక్క కండ కరిగిపోతోంది. చొక్కా కింద ఎవరికీ కనబడదు, నా అరికాలికి దొరికింది. "మామా, ఈ పక్క సన్నగా ఉండాదే" అంటే, "వట్టి పట్టులే పాపా, నువ్వు తొక్కు" అన్నాడు. మాట్లాడకూడదన్న మా అవ్వ నియమాన్ని ఇద్దరం మరిచిపోయాం. ఇంట్లో నేను చూసినవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకు రావడం మొదలైంది. అత్త జొన్న సంగటిని ముందే చిన్న చిన్న ముద్దలుగా చేసి మామ పళ్లెంలో పెట్టేది. చొక్కా గుండీలు ఆమే పెట్టేది. చెంబు ఎప్పుడూ ఆయన ఎడమ చేతి వైపే ఉంచేది. ఆయన అడిగేవాడు కాదు, ఆమె చెప్పేది కాదు. కొత్త పెళ్లికొడుకుకు చేసినట్టు ఇన్ని సేవలేమిటా అని నేను మొదట్లో నవ్వుకున్నాను కూడా.

నా కాలి మహిమ పనిచేయడం లేదని తేలడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. అప్పుడు వాతలు పెట్టే తాతను పిలిపించారు. ఎద్దులకైనా మనుషులకైనా ఆ చుట్టుపక్కల ఆయనే పెట్టేవాడు. ఇంటి ముందర కుంపటి రగిలించి ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చాడు. గనిలో పనిచేసే నలుగురూ చుట్టూ చేరారు. నేను గడప దగ్గర కళ్లు మూసుకుని కూర్చున్నాను. మామ నన్ను చూసి, "భయపడొద్దు పాపా, ఈడ చూడు, నాతో మాట్లాడు" అన్నాడు. భుజం మీద వాత పెట్టినప్పుడు పళ్లు కొరికాడు, మెడనరాలు ఉబ్బాయి. తర్వాత తాత కడ్డీ మళ్లీ కాల్చి ముంజేతి మీద పెట్టాడు. చర్మం కమిలిన వాసన నాకు తెలిసింది. మామ మాత్రం, "మీ అవ్వ ఇంకా అట్లనే అరుస్తాంటాదా?" అని నన్ను నవ్వుతూ అడుగుతున్నాడు. చూసేవాళ్లు నోళ్లు తెరిచారు. "శానా గుండె గలోడప్పా! ఇంత మంట పెడితే రెప్ప కూడా కొట్టకపాయ" అన్నారు. వాత పెట్టిన తాత కూడా ఇట్లాంటి మనిషిని చూడలేదని మెచ్చుకున్నాడు. అందరూ మామ మొహం చూస్తున్నారు. అత్త ఒక్కతే ఆయన చేతిని చూస్తోంది. ఆమె మొహంలో నెత్తురు లేదు. మామ ఆమె వైపు తిరిగాడు, నవ్వు ఆపేశాడు, కాలిన తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అత్త అడిగింది. "కాల్చింది నీకు తెల్లేదు కదా?"

"ఓర్చుకున్యా" అన్నాడు మామ.

"నాతో అట్ల చెప్పొద్దు. భుజం మీద పెడితే పండ్లు కొరికినావు. చేతి మీద పెడితే పాపతో ముచ్చట్లాడతాండావు."

మామ ఎడమచేత్తో కాలిన చేతిని కప్పుకున్నాడు. తర్వాత, "మేస్త్రీకి తెలిస్తే రేపే గని నుంచి పొమ్మంటాడు. నాకు ఈ పని తప్ప యాడ ఏం వచ్చు? వానలు పడితే గని ఎట్లాగూ నిలిచిపోతాది, అప్పుడు చేతికి ఆరాం దొరుకుతాది. అంతవరకూ ఉలికి నీ బదులు ఎవరినన్నా చూస్తా" అన్నాడు.

"నీ చెయ్యి సంగతి తెలిసి తెలిసి ఇంకొకరి బిడ్డను దాని కింద కూర్చోబెట్టాల్నా? వద్దు. ఉలి నేనే పడతా" అంది అత్త. ఆమె గొంతులో కోపం కూడా లేదు. పొయ్యిలో కట్టె ఎగదోసి, ముద్దలు చేయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి రోజులు నాకు ఇప్పటికీ కలలో వస్తాయి. అప్పటిదాకా గనికి పోవడం నాకు ఆట. ఎత్తిపోసిన బండముక్కల నీడలో నీళ్లకుండ పక్కన కూర్చుని, తెల్లరాళ్లతో ఆడుకునేదాన్ని. ఇప్పుడు ఆడుకోబుద్ధి కాలేదు. మామ సమ్మెట ఎత్తిన ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టేదాన్ని. "హూఁ" అనీ, వెంటనే ఠంగుమనీ వినబడితే వదిలేదాన్ని. అత్త తల ఎత్తేది కాదు. ఆమె జాకెట్టు వీపు చెమటకు తడిసి, ఆరి, దుమ్ముతో తెల్లగా చారలు కట్టేది. ఎవరితోనైనా చెబుదామంటే ఎవరితో చెప్పాలి? చెబితే మామ పని పోతుంది, చెప్పకపోతే అత్త చేతులు పోతాయి. చిన్నపిల్లనైనా అంతవరకూ నాకు తెలుసు. నేను చేయగలిగింది ఒకటే. పొద్దున మామ మెడ వంచినప్పుడు ఇంకొంచెం గట్టిగా తాటించేదాన్ని. నా కాలికి నిజంగా మహిమ ఉంటే ఇప్పుడు చూపించమని నాకు తెలిసిన దేవుళ్లందరినీ అడిగాను. ఏ దేవుడూ నా పాదం దాకా వంగి చూడలేదు.

ఒక మధ్యాహ్నం "హూఁ" అన్న ఊపిరి వినబడింది. ఠంగుమన్న చప్పుడు రాలేదు.

గాలి కదిలినట్టయింది, నా పక్కన కుండ పేలిపోయింది. మామ చేతిలోంచి జారిన సమ్మెట అత్త తల మీదుగా వచ్చి నీళ్లకుండ మీద పడింది. పెంకులు నా ఒళ్లో పడ్డాయి. నీళ్లు తెల్ల దుమ్ములో క్షణంలో ఇంకిపోయాయి. అత్త అప్పుడు తల ఎత్తింది. ముందు మామను చూసింది. ఆయన ఖాళీ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి, వేళ్లు తెరుచుకుని. తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూసింది. పరుగెత్తి వచ్చి నా తల, మెడ, చేతులు తడిమింది. నాకు ఏమీ కాలేదని తెలిశాక కూడా ఆమె చేతులు నన్ను వదల్లేదు. తన నెత్తి మీద రోజూ ఆడుతున్న సమ్మెటను ఆమె భరించింది, నా పక్కన పడినదాన్ని మాత్రం భరించలేకపోయింది. లేచి కొంగు నడుముకు బిగించి దోపింది. పెంకుల్లోంచి సమ్మెట తీసుకుని మామ దగ్గరికి పోయింది.

"కూర్చో. ఉలి నువ్వు పట్టు."

"మేయ్, ఆడదానివి, నువ్వు కొట్టేదేంది..."

"ఎడమ చేత్తో గట్టిగా పట్టు."

పైనుంచి మేస్త్రీ, "ఏమప్పా, పెండ్లాం కొడితే నువ్వు పడతావా?" అని అరిచాడు. నలుగురూ నవ్వారు. మామ ఆ నవ్వుల మధ్య కూర్చున్నాడు, ఉలి నిలబెట్టాడు. అత్త సమ్మెట ఎత్తింది. అది ఆమె తల దాటి లేవగానే మామ బెదిరి పైకి చూశాడు. ఆమె దెబ్బను ఆపుకుంది. "తల ఎత్తొద్దు. ఇన్నేండ్లు నేను ఎత్తినానా?" అంది. మామ తల దించాడు. ఠంగుమంది. నవ్వేవాళ్లు ఒక్కొక్కరే తమ పనిలో పడ్డారు. వారం తిరక్కుండా నన్ను కర్నూలు బండి ఎక్కించారు. మేస్త్రీకి కావలసింది లేచిన బండ, ఎవరు కొట్టి లేపారో కాదు. అందుకని ఆ జంట పని పోలేదని తర్వాత అమ్మ చెప్పగా విన్నాను. అమ్మ సంతోషంగానే చెప్పింది, నేనూ సంతోషపడ్డాను. అంతటితో గండం గడిచిందనుకున్నాం.

కొన్నేళ్ల తర్వాత మా అక్క పెళ్లికి మామ, అత్త కర్నూలు వచ్చారు. రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది, డేరాలు పోయాయి, పక్కవాటా టైపిస్టుగారూ పోయాడు. అవ్వ మంచాన పడింది. నేను లంగా ఓణీల్లోకి వచ్చాను, మగవాళ్లను తొక్కడం మానిపించారు. పెళ్లయిన మరునాడు పొద్దున నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి పీట వాల్చి ఉంది. తూర్పుకు తిరిగి అత్త కూర్చుని ఉంది. అడక్కముందే మెడ వంచింది. కాలు ఎత్తి ఆనించాను. ఆమె భుజాలు మామ భుజాల్లాగా వెడల్పయ్యాయి. కుడివైపు రెక్క దగ్గర ఎముక నా అరికాలికి గుచ్చుకుంది.

"అత్తా, చేతికి తిమ్మిరి ఉండాదా?" అన్నాను.

"లేదులే పాపా, వట్టి పట్టు" అంది. మామ అన్న మాటే, మామ అన్నట్టే.

ఆమె కుడిచెయ్యి పీట పక్కన నేల మీద ఆనించి ఉంది. నేను వంగి చిటికెనవేలు పక్కన చర్మాన్ని గోళ్లతో గట్టిగా గిల్లాను. ఎర్రగా కందింది. అత్త ఉలికిపడలేదు. తూర్పు వైపే చూస్తూ, "అయిపాయనా?" అని అడిగింది. ఆమె నియమం తప్పకుండా లేచి, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది. ఆ వీపుకు పెట్టిన దండం నేను చాలాసేపు దించలేదు. ఆ రోజే అమ్మకు చెప్పి ఏడ్చాను. నాన్న ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మెడ దగ్గర నరం నలిగిందనీ, ఇంకా ముందే రావలసిందనీ చెప్పారట. అత్త మళ్లీ సమ్మెట ఎత్తలేదు. ఇద్దరూ గని వదిలి మేకలు కాచుకుని బతికారు. పాలు పిండాలంటే ఇద్దరూ కూర్చునేవాళ్లు, ఇద్దరి ఎడమచేతులూ కలిస్తే గానీ పని జరిగేది కాదు. ఆమె పోయినప్పుడు చూశాను, కుడిచేతి వేళ్లు ఉలి పట్టినట్టు సగం ముడుచుకునే ఉన్నాయి. అత్త తర్వాత నేను ఎవరి వీపునా కాలు పెట్టలేదు.

ఇదంతా మనవరాలికి నేను ఎప్పుడూ చెప్పలేదు. కాలు మహిమ గురించిన తమాషా కథలు మాత్రమే చెప్పాను, వాటికి అది బాగా నవ్వుతుంది. ఇప్పుడు చాప మీద బోర్లా పడుకుని ఫోను చూసుకుంటోంది. దాని కుడిచెయ్యి నా మంచం కోడు పక్కన వాలి ఉంది. నేను మెల్లగా వంగి ఆ చూపుడువేలు పట్టుకుని, నాకున్న బలమంతా పెట్టి గిల్లాను.

"అమ్మా! ఏందవ్వా నువ్వు, పిచ్చి పట్టిందా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచి లేచి కూర్చుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ అరుపు ఇంకొకసారి వినాలనిపించింది. చెయ్యి రుద్దుకుంటూ అది నా మొహం చూసి భయపడింది, ఏమైందని అడిగింది. "ఏం లేదు, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోతాండాం, నీ ఆఫీసుకు రానని చెప్పు" అన్నాను. మీటింగు ఉందని అది ఏదో గొణుగుతోంది. వానలు పడేదాకా ఆగమన్న మామ గొంతు నాకు అందులో వినబడింది. డేరాలు పోయాయి, సమ్మెటలు పోయాయి, నా కాలి మహిమా పోయింది. కాలం ఆ బరువును ఒక మెడ మీది నుంచి ఇంకో మెడ మీదికి మార్చుకుంటూ వచ్చింది గానీ, ఎక్కడా కింద దించగా నేను చూడలేదు.